అప్పటి ఈక, ఇప్పటి ప్రశ్న

1964లో స్టాక్‌హోమ్‌లో సోరెన్ యెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపల్లో, పక్షుల్లో డీడీటీ ఎంత పేరుకుందో కొలిచే పనిలో ఉన్నారు. నమూనాలో ఉన్న ఒక్కో పదార్థానికి క్రోమటోగ్రాఫ్ యంత్రం కాగితం మీద ఒక్కో శిఖరం గీస్తుంది. డీడీటీ శిఖరం ఎక్కడ రావాలో ఆయనకు తెలుసు, అక్కడే వచ్చింది. కానీ దాని పక్కన లెక్కలో లేని శిఖరాలు ఇంకొన్ని లేచాయి. ఏదో ఒక చేపలో అయితే పొరపాటు అనుకోవచ్చు. తీసిన నమూనాలన్నిటిలోనూ అదే వరస.

ఇది మరో పురుగుమందా? లేక డీడీటీయే విరిగి ఇలా మారిందా? తేల్చుకోవడానికి ఆయన మ్యూజియంలో ఉన్న తెల్లతోక గద్దల పాత ఈకలు తెప్పించుకున్నారు. 1944 నాటి ఈకలోనూ ఆ శిఖరాలే కనబడ్డాయి. డీడీటీ వాడకం అక్కడ అప్పటికి ఇంకా ఊపందుకోలేదు. అంటే దీనికీ డీడీటీకీ సంబంధం లేదు. చివరికి తేలిందేమిటంటే అది పీసీబీ. ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో, రంగుల్లో వాడే రసాయనం, 1929 నుంచి ఫ్యాక్టరీల్లో తయారవుతున్నది. 1966లో ఈ సంగతి ప్రకటించేనాటికి అది తన ఇంట్లోవాళ్ల వెంట్రుకల్లో, పసిబిడ్డ వెంట్రుకల్లో కూడా ఉందని ఆయన కొలిచి చూసుకున్నారు.

ఈ కథ గుర్తొచ్చినప్పుడల్లా నా ధ్యాస ఆ ఈక మీదికే పోతుంది. దాన్ని దాచినవాళ్లు పీసీబీ పేరు విని ఉండరు. ఏ పక్షి ఎక్కడ దొరికింది, రంగు ఎలా ఉంది అనే వివరాల కోసం దాచారు. ఇరవై ఏళ్లు గడిచాక అది, ఎవరూ ఊహించని ఒక కేసులో సాక్ష్యం చెప్పింది.

కాలుష్యం మీద నిఘా అంటే మనకు గుర్తొచ్చేవి గాలి నాణ్యత యంత్రాలు, నీటి పరీక్షలు. అవి కావాల్సిందే. అయితే పరీక్ష అనేది అడిగినదానికే జవాబు చెబుతుంది. 1975లో ఒక నదిలో సీసం, పాదరసం కొలిచారనుకుందాం. రిజిస్టరులో ఆ రెండు అంకెలే మిగులుతాయి. అదే ఏడాది అదే నదిలో కొత్త రసాయనం ఒకటి కలవడం మొదలై, దాని సంగతి 2005లో బయటపడితే, పాత రిజిస్టరు ఎన్నిసార్లు తిరగేసినా ఏమీ దొరకదు. ఆ ఏడాది చేప ముక్క ఒకటి పాడవకుండా ఉంటే మాత్రం 2005లో కూడా దాన్ని అడగొచ్చు.

రిజిస్టరుతో ఇంకో చిక్కుంది. అందులో రాసిన అంకే తప్పయితే? భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో లెక్క తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్‌కు ఎదురైంది ఇదే. రాళ్లలో సీసాన్ని కొలుస్తుంటే అంకెలు పొంతన లేకుండా వచ్చేవి. కారణం వెతికితే తేలింది, సీసం ల్యాబ్ అంతటా ఉందని. దుమ్ములో, గాజు సామానులో, కొన్న రసాయనాల్లో, చివరికి పనిచేసేవాళ్ల ఒంటి మీద కూడా. అంగుళం అంగుళం కడిగి ల్యాబ్‌ను శుభ్రం చేశాక ఆయనకు అర్థమైన విషయం ఇంకా పెద్దది: సముద్రపు నీటిలో, మనిషి ఒంట్లో సహజంగా ఇంత సీసం ఉంటుందని అంతకుముందు అచ్చయిన లెక్కల్లో చాలా భాగం ఇలా ల్యాబ్‌లో అంటుకున్న సీసంతో కలిపి వేసినవే. ఆయన సహచరులతో కలిసి గ్రీన్‌లాండ్ మంచుకు వెళ్లారు. ఏటా కురిసిన మంచు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటుంది కాబట్టి లోతుకు వెళ్లేకొద్దీ వెనకటి కాలం దొరుకుతుంది. 1969లో వాళ్లు ప్రచురించిన ఫలితం ప్రకారం పరిశ్రమలు పెరిగేకొద్దీ మంచులో సీసం పెరుగుతూ వచ్చి, 1940 తర్వాత నిట్టనిలువుగా లేచింది. పెట్రోలులో సీసం కలపడం 1923లో మొదలైంది. తప్పు అంకెను ఎవరూ సరిచేయలేరు. మంచును మాత్రం మళ్లీ కొలవగలిగారు.

అనుకోకుండా మిగిలినవి

మొదట్లో పనికొచ్చినవన్నీ వేరే అవసరానికి దాచిన వస్తువులే. స్వీడన్‌లోనే 1966లో మరో బృందం మ్యూజియంలోని పక్షుల ఈకల్లో పాదరసం కొలిచింది. ఈక పెరుగుతున్న రోజుల్లో రక్తంలోని పాదరసం దానిలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌కు గట్టిగా అతుక్కుంటుంది. పెరగడం ఆగాక ఇక మారదు, వందేళ్లయినా అలాగే ఉంటుంది. 1840ల నుంచి వందేళ్లపాటు అంకెలు దాదాపు ఒకే మట్టంలో నడిచాయి. 1940లలో ఒక్కసారిగా పది, ఇరవై రెట్లు ఎగిశాయి. విత్తనాలకు బూజు పట్టకుండా మిథైల్ పాదరసం లాంటి మందు పూయడం మొదలైన కాలమది. గింజలు తిన్న పిట్టలు, ఆ పిట్టలను తిన్న డేగలు. ఆ మందును 1966లోనే ఆపేశారు.

బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ చేసిన పని ఇంకో రకం. పెరిగ్రిన్ డేగలు గూట్లో తమ గుడ్లు తామే చిదిపేసుకుంటున్నాయని ఆయన గమనించారు. పెంకు పలచబడిందా అన్న అనుమానం వచ్చింది. పోల్చి చూడాలంటే పాత గుడ్లు కావాలి. అక్కడ పక్షి గుడ్లు సేకరించడం ఒకప్పుడు చాలామందికి సరదా. పిచ్చి అన్నా తప్పులేదు. అలా లోపలి సొన ఊదేసి డబ్బాల్లో దూది మీద పెట్టుకున్న పెంకులను ఆయన ఒక్కొక్కటీ తూచారు, కొలిచారు. 1946 వరకు తేడా లేదు. 1947 నుంచి పెంకు బరువు దాదాపు అయిదో వంతు పడిపోయింది. డీడీటీ విస్తారంగా వాడుకలోకి వచ్చిన కాలం అదే. 1967లో ఆయన దీన్ని ప్రచురించారు. ఆ సేకరణల వల్ల పక్షులకు జరిగిన నష్టం తక్కువేమీ కాదు, అయినా ఆ పెంకులే లేకపోతే డీడీటీ మీద ఇంత సూటి ఆధారం దొరికేది కాదు.

అన్నిటికన్నా నా మనసులో నిలిచిపోయింది మినమాటా. జపాన్‌లో బిడ్డ పుట్టినప్పుడు బొడ్డుతాడు ముక్కను ఎండబెట్టి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి, పేరు, పుట్టిన తేదీ రాసి దాచుకునే ఆచారం ఉంది. మినమాటా తీరంలో చిస్సో కంపెనీ ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీకి పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడేది. వ్యర్థాలు సముద్రంలోకి వదిలేది. 1932 నుంచి 1968 దాకా ఇదే తంతు. చేపలు తిన్నవాళ్లకు చేతులు వణకడం, చూపు కుంచించుకుపోవడం, మాట పడిపోవడం వంటి లక్షణాలు వచ్చాయి. 1956లో ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు. తల్లులకు పెద్దగా జబ్బు లేకపోయినా కొందరు పిల్లలు తీవ్రమైన వైకల్యంతో పుట్టేవారు. విషాన్ని మావి ఆపేస్తుందని, బిడ్డదాకా చేరనివ్వదని అప్పటి వైద్యుల నమ్మకం. అందుకని ఆ పిల్లల జబ్బుకూ పాదరసానికీ సంబంధం ఒప్పుకోవడానికే ఏళ్లు పట్టింది. అప్పటికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కడుపులో ఉన్నప్పటి రక్తం ఎక్కడ దొరుకుతుంది? ఇళ్లలో చెక్కపెట్టెల్లో దొరికింది. వైద్యుడు హరదా మసజుమి ఈ బొడ్డుతాళ్లు సేకరించారు. పెట్టె మీద తేదీ ఉండనే ఉంది. ఆయా సంవత్సరాల బొడ్డుతాళ్లలో మిథైల్ పాదరసం కొలిస్తే, ఫ్యాక్టరీ ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పెరిగి, తగ్గినప్పుడు తగ్గింది. 1975లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఏ తల్లీ సైన్సు కోసం ఆ తాడు దాచలేదు.

ప్లాస్టిక్ సంగతీ ఇలాగే తేలింది. సరుకు ఓడల వెనక కట్టిన పెట్టెల్లో పట్టుగుడ్డ చుట్ట మీద ప్లవకాలను, అంటే నీటిలో తేలే సన్నటి జీవులను, పట్టే సర్వే ఒకటి ఉత్తర అట్లాంటిక్‌లో 1931 నుంచి నడుస్తోంది. చేపలకు ఆహారం ఎంత ఉందో తెలుసుకోవడమే దాని ఉద్దేశం. రిచర్డ్ థాంప్సన్ బృందం ఆ పాత పట్టుచుట్టలను విప్పి చూస్తే ప్లవకాల మధ్య ప్లాస్టిక్ పోగులు కనబడ్డాయి. 1960, 70లలో కన్నా 1980, 90లలో ఎక్కువ. 2004లో వాళ్లు రాసిన ఆ చిన్న వ్యాసంతోనే మైక్రోప్లాస్టిక్ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది.

కావాలని దాచడం

అదృష్టం మీద ఎంతకాలం ఆధారపడతాం? పైగా మ్యూజియం వస్తువులతో ఇబ్బందులున్నాయి. పురుగు పట్టకుండా పాత రోజుల్లో చర్మాలకు ఆర్సెనిక్ పూసేవారు, కొన్నిచోట్ల పాదరసం మందులూ వాడేవారు. ఇక దానిలో పాదరసం కొలిచి ఏం లాభం? ఫార్మలిన్‌లో ఊరిన కణజాలంలో చాలా రసాయనాలు నిలవవు. రక్తం, కాలేయం, మూత్రం లాంటివి మ్యూజియం అలమరలో ఉండవు.

అందుకని ముందుచూపుతో, ఒక పద్ధతి ప్రకారం సేకరించి దాచే శాంపిల్ బ్యాంకులు పుట్టాయి. స్వీడన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం 1960లలోనే మొదలుపెట్టింది. కెనడా 1974 నుంచి గ్రేట్ లేక్స్ దీవుల్లో సీగల్ గుడ్లు ఏటా సేకరిస్తోంది. అమెరికా, జర్మనీ 1970ల చివర్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాయి. జపాన్‌లో ఎహిమే విశ్వవిద్యాలయం దగ్గర లక్షకు పైగా నమూనాలున్నాయి. గాలిని కూడా దాస్తున్నారు: టాస్మేనియాలోని కేప్ గ్రిమ్‌లో, కలుషితం కాని సముద్రపు గాలి వీచే సమయం చూసి 1978 నుంచి స్టీలు సిలిండర్లలో నింపి పెడుతున్నారు. అంతకుముందు లెక్కలోకి రాని, ఓజోన్ పొరను దెబ్బతీసే నాలుగు వాయువులను 2014లో శాస్త్రవేత్తలు ఆ సిలిండర్ల సాయంతో, గ్రీన్‌లాండ్ మంచులో చిక్కుకున్న గాలి సాయంతో పట్టుకున్నారు. అవి ఏ ఏడాది నుంచి పెరిగాయో కూడా చెప్పగలిగారు.

వీటిలో జర్మనీ బ్యాంకు పనితీరును కాస్త దగ్గరగా చూడాలి. 1985 నుంచి శాశ్వతంగా నడుస్తోంది. ఏటా అదే చోటికి, అదే కాలంలో వెళ్తారు. ఉత్తర సముద్రంలోని మెల్లుమ్, ట్రిషెన్ దీవుల్లో సీగల్ గుడ్లు, నదుల్లో బ్రీమ్ చేపలు, తీరంలో ఆల్చిప్పలు, అడవుల్లో జింకల కాలేయం, స్ప్రూస్ చెట్ల ఏడాది వయసు చిగుళ్లు, వానపాములు, మట్టి. ఎంపిక వెనక లెక్క ఉంది. ఆల్చిప్ప కదలదు, ఉన్నచోటే నీటిని వడకడుతూ ఉంటుంది కాబట్టి ఆ చోటు సంగతి చెబుతుంది. సీగల్ ఆహారపు గొలుసులో పైన ఉంటుంది, కింది జీవుల్లో కొద్దికొద్దిగా ఉన్న విషం దాని గుడ్డులో కుప్పగా దొరుకుతుంది. చిగురు గాలి కబురు చెబుతుంది, వానపాము మట్టి కబురు.

చేపను పట్టిన చోటే కోస్తారు. కత్తి ఏ లోహం, తొడుగులు ఏ పదార్థం, ఎవరు ఏ బల్ల మీద కోయాలి, అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. మామూలు ప్లాస్టిక్ డబ్బాలో పెడితే దాన్ని మెత్తబరచడానికి కలిపే థాలేట్ అనే రసాయనం కండరంలోకి దిగుతుంది. మూతకు ఫ్లోరిన్‌తో తయారయ్యే టెఫ్లాన్ పొర ఉంటే రేపు ఫ్లోరిన్ రసాయనాలు వెతికేవాడు దేన్ని కొలుస్తున్నాడో తెలియదు. ప్యాటర్సన్ నేర్చిన పాఠమే ఇక్కడ ప్రతి అడుగులోనూ ఉంటుంది. తీసిన ముక్క అక్కడికక్కడే లిక్విడ్ నైట్రోజన్ చలిలోకి వెళ్లిపోతుంది. తర్వాత ల్యాబ్‌లో, గడ్డ కరగనివ్వకుండా, ఆ చలిలోనే మరపట్టి సన్నటి పొడి చేస్తారు. ఎన్నో చేపల పొడిని బాగా కలిపి, దాదాపు పది గ్రాముల చొప్పున చిన్న సీసాల్లో పోస్తారు. ఏ సీసా తీసినా ఆ ఏటి ఆ నది సగటు అందులో ఉండాలి.

ఆ సీసాలు మైనస్ 150 డిగ్రీల కంటే దిగువన ఉంటాయి. అంత చలి ఎందుకంటే, ఇంట్లో ఫ్రీజర్ చలిలో మాంసం కుళ్లదు గానీ కొవ్వు నెమ్మదిగా కనరెక్కుతూనే ఉంటుంది, ఎంజైములు పూర్తిగా ఆగవు. మైనస్ 135 దిగువకు వెళ్తే నీటి అణువులు గాజులా బిగుసుకుపోతాయి, రసాయన చర్య దాదాపు నిలిచిపోతుంది. లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతుంది, దాని పైన తేలే ఆవిరిలో సీసాలు పెడతారు. కరెంటు పోయినా ట్యాంకులో నైట్రోజన్ ఉన్నంతసేపు చలి తగ్గదు.

మనుషుల నమూనాల కోసం మ్యూన్‌స్టర్, హాలే, గ్రైఫ్స్‌వాల్డ్, ఉల్మ్ నగరాల్లో 20 నుంచి 29 ఏళ్ల విద్యార్థుల దగ్గర ఏటా రక్తం, 24 గంటల మూత్రం తీసుకుంటారు. విద్యార్థులే ఎందుకు? ఫ్యాక్టరీలో పనిచేసి విషాలు అంటించుకున్నవాళ్లు కాదు, వయసు ఒకటే. కాబట్టి ఏ ఏటికి ఆ ఏడు పోల్చడానికి కుదురుతుంది. ఇవి మ్యూన్‌స్టర్ దగ్గర ఒకప్పటి సైనిక బంకర్‌లో ఉన్నాయి.

నిషేధం పనిచేసిందా?

ఇంత శ్రమ, ఇంత ఖర్చు ఎందుకని అడిగేవాళ్లకు నేను చూపించేది ఓడల రంగు కథ. ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టకుండా ట్రైబ్యూటిల్ టిన్ కలిపిన రంగు వేసేవారు. దాని వల్ల ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచి, గుడ్లు పెట్టలేక తీరాలకు తీరాలే ఖాళీ అయ్యాయి. యూరప్‌లో 1989లో 25 మీటర్లలోపు పడవలకు ఆ రంగు నిషేధించారు. సమస్య తీరిందని అనుకోవచ్చు. జర్మనీ బ్యాంకులోని ఆల్చిప్పలను ఏడాదివారీగా తీసి కొలిస్తే ఉత్తర సముద్రంలో 1990లంతా చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. పెద్ద ఓడలు అదే రంగుతో తిరుగుతూనే ఉన్నాయి మరి. 2003లో యూరోపియన్ యూనియన్ అన్ని ఓడలకూ వర్తింపజేశాకే అంకెలు దిగాయి. చట్టం చేసినరోజు చప్పట్లు కొట్టడం తేలిక. పదేళ్ల తర్వాత అది ఏం సాధించిందో చెప్పగలిగింది ఆల్చిప్పే.

స్టాక్‌హోమ్ తల్లిపాల కథ దీనికి తిరగేసినది. అక్కడి తల్లిపాల కేంద్రం నుంచి 1972 మొదలు నమూనాలు గడ్డకట్టించి ఉంచారు. 1990ల చివర్లో వాటిని వరసగా కొలిచారు. డీడీటీ తగ్గుతోంది, పీసీబీ తగ్గుతోంది, అన్నీ మంచి కబుర్లే. ఒక్క రకం మాత్రం పెరుగుతోంది: సోఫా ఫోమ్‌లో, టీవీ పెట్టెల్లో మంట అంటుకోకుండా కలిపే పీబీడీఈలు. దాదాపు అయిదేళ్లకోసారి రెట్టింపు అవుతూ వచ్చాయి. అప్పటిదాకా ఎవరూ వాటిని పాలల్లో వెతకలేదు. ఈ గీత చూశాక స్వీడన్‌లో కలవరం మొదలైంది. యూరప్ 2004లో వాటిలో రెండు రకాల మిశ్రమాలను నిషేధించింది, 2009లో అవి, ఎంతకాలమైనా పోని విషాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాయి. తల్లిపాల గురించి ఇలాంటి వార్త చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. పాలు ఇవ్వడం మానమని ఈ పరిశోధన చేసినవాళ్లెవరూ అనలేదు. పాలలోకి చేరేదాన్ని ఫ్యాక్టరీ దగ్గరే ఆపాలన్నది వాళ్ల వాదన.

పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల విషయంలో దాచిన రక్తం ఇంకో సంగతి బయటపెట్టింది. 1990ల చివర్లో త్రీఎం కంపెనీ పీఫాస్‌లో ఒక రకమైన తమ పీఫోస్ రసాయనం లేని రక్తం కోసం, పోల్చి చూడ్డానికి, వెతికింది. బ్లడ్ బ్యాంకుల్లో తీసిన ప్రతి చోటా అది ఉంది. చివరికి కొరియా యుద్ధ కాలంలో సైన్యంలో చేరినవారి నుంచి తీసి దాచిన రక్తంలో మాత్రమే లేదు. 2000 మే నెలలో కంపెనీ ఆ తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాతి ఏళ్ల రక్తదాతల నమూనాల్లో పీఫోస్ తగ్గుతూ వచ్చింది. మన శరీరంలో అది సగం కావడానికే ఏళ్లు పడుతుంది, అందుకే నెమ్మదిగా.

కొన్ని రసాయనాలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. థాలేట్లు ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో వెళ్లిపోతాయి. 2024లో జర్మనీలో చిన్నపిల్లల మూత్రంలో ఎవరూ ఎదురుచూడని ఒక థాలేట్ అవశేషం కనబడింది. అది యూరప్‌లో అనుమతి లేకుండా వాడకూడని రకానికి చెందింది. దాచిన పాత నమూనాలు తీసి చూస్తే కొన్నేళ్లుగా పెరుగుతోందని తెలిసింది. వెతగ్గా వెతగ్గా సన్‌స్క్రీన్ క్రీముల్లో వాడే ఒక పదార్థంలో మలినంగా అది వస్తోందని తేలింది. కావాలని ఎవరూ కలపలేదు, అయినా పిల్లల ఒంట్లోకి చేరింది.

గీతను నమ్మే ముందు

ఇంతసేపు మెచ్చుకున్నాను గానీ, బ్యాంకులోంచి తీసిన ప్రతి గీతనూ కళ్లు మూసుకుని నమ్మకూడదు. సీగల్ గుడ్లలో పీసీబీ తగ్గిందంటే నీరు శుభ్రపడి ఉండొచ్చు. లేదా సరస్సులో చేపలు తగ్గి పక్షి ఒడ్డున చెత్తకుప్పల మీద పడి ఉండొచ్చు. అందుకని అదే గుడ్డులో నత్రజని ఐసోటోపులు కొలుస్తారు, పక్షి తిండి మారిందో లేదో అది చెబుతుంది. కొవ్వులో కరిగే విషాన్ని లెక్కించేటప్పుడు ఆ చేపలో కొవ్వు ఎంత ఉందో చూడకపోతే, బక్కచేప శుభ్రమైన చేపలా కనబడుతుంది. ఎన్నో నమూనాలు కలిపి పొడి చేస్తే సగటు బాగా తెలుస్తుంది, కానీ ఎవరో ఒక్కరి ఒంట్లో ప్రమాదకరంగా ఉన్నది ఆ సగటులో మునిగిపోతుంది.

ఏ వయసులో విషం అంటుకుందో తెలియకపోతే జబ్బుకు కారణమూ తేలదు. డీడీటీకీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం వెతికిన పరిశోధనలు చాలా ఏళ్లు ఏమీ తేల్చలేకపోయాయి. జబ్బు వచ్చాక, యాభై, అరవై ఏళ్ల వయసులో రక్తం తీసి కొలిచేవారు. కాలిఫోర్నియాలో మాత్రం 1959 నుంచి 1967 వరకు 15 వేలమందికి పైగా గర్భిణులను ఒక అధ్యయనంలో చేర్చి, వాళ్ల రక్తం దాచిపెట్టారు. బార్బరా కోన్ బృందం ఆ రక్తంలో డీడీటీ కొలిచింది. పద్నాలుగేళ్లు నిండకముందే డీడీటీ వాడకం మొదలైన తరంలో, రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారికి యాభై ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు అయిదు రెట్లు ఉందని 2007లో రాశారు. 2015లో వాళ్ల కూతుళ్ల లెక్క తేలింది. తల్లి కడుపులో ఉండగా ఎక్కువ డీడీటీ తగిలిన కూతుళ్లకు ముప్పు దాదాపు నాలుగు రెట్లు. తల్లి రక్తం తీసినరోజున ఆ కూతురు ఇంకా పుట్టనే లేదు.

ఇక్కడే అనుమతి ప్రశ్న వస్తుంది. ఫలానా పరీక్షకు రక్తం ఇస్తారా అంటే ఒప్పుకోవడమో మానడమో తేలిక. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఏదో వెతకడానికి ఇస్తారా అంటే? చాలా బ్యాంకులు విస్తృత అనుమతి అనే పద్ధతి పెట్టుకున్నాయి. పేర్లు విడిగా దాస్తారు, ఎప్పుడైనా తప్పుకునే హక్కు ఉంటుంది, ప్రతి కొత్త పరిశోధననూ నైతిక కమిటీ చూస్తుంది. ఈ జాగ్రత్త లేనిచోట ఏమవుతుందో టెక్సస్ చూపించింది. పుట్టిన బిడ్డల మడమ నుంచి తీసే రక్తపు చుక్కల కార్డులను తల్లిదండ్రుల అనుమతి లేకుండా దాచి పరిశోధనకు ఇస్తున్నారని 2009లో దావా పడింది. రాజీలో భాగంగా 50 లక్షలకు పైగా కార్డులను నాశనం చేశారు. తల్లిదండ్రుల కోపం న్యాయమైనదే. ముందే ఒక్కమాట అడిగి ఉంటే చాలామంది ఒప్పుకునేవారని, ఆ పిల్లల తరం ఒంట్లో ఏముందో ఈరోజు చదవగలిగేవాళ్లమని నాకు అనిపిస్తుంది.

బ్యాంకు అంటున్నాం గానీ, ఈ ఖాతాలోంచి తీయడమే తప్ప తిరిగి వేయడం ఉండదు. 1985 నాటి పది గ్రాముల పొడిని ఒక పరీక్షకు వాడితే అది పోయినట్టే. అందుకని ప్రతి అభ్యర్థననూ వడపోస్తారు. ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలా, ఇంకా తక్కువ పొడితో పని జరిగే యంత్రం వచ్చేదాకా ఆగొచ్చా అని చూస్తారు. ఖర్చు రోజూ ఉంటుంది, ఫలితం ఎప్పుడో వస్తుంది. బడ్జెట్ రాసేవాళ్లకు ఇది నచ్చని బేరం. ప్రమాదమూ ఉంది. 2023 డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవుల ముందు, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రీజర్ ట్యాంకులకు లిక్విడ్ నైట్రోజన్ సరఫరా ఆగిపోయి, దశాబ్దాలుగా కూడబెట్టిన వైద్య నమూనాలు చెడిపోయాయి. డబ్బు పెట్టి కొత్త ట్యాంకు కొనొచ్చు, 1990 నాటి రక్తం కొనలేం. అందుకే జాగ్రత్తపరులు ఒకే నమూనాను రెండు వేర్వేరు భవనాల్లో ఉంచుతారు.

పాలపళ్లు

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1958లో లూయీజ్ రీస్ అనే వైద్యురాలు, ఆమె తోటివాళ్లు పిల్లల ఊడిన పాలపళ్లు అడగడం మొదలుపెట్టారు. అప్పట్లో అణుబాంబు పరీక్షలు ఆరుబయట చేసేవారు. వాటి నుంచి రాలే స్ట్రాన్షియం 90 అనే రేడియోధార్మిక పదార్థం గడ్డి మీద పడి, ఆవుల పాలలోకి వచ్చి, క్యాల్షియం అనుకుని ఒళ్లు దాన్ని ఎముకల్లో, పళ్లలో పేర్చుకుంటుంది. పన్ను పంపిన పిల్లలకు సైన్సుకు నా పన్ను ఇచ్చాను అని రాసిన బ్యాడ్జి వచ్చేది. 1970 నాటికి దాదాపు 3,20,000 పళ్లు చేరాయి. 1950లో పుట్టిన పిల్లల పళ్లలో కన్నా 1963లో పుట్టినవాళ్ల పళ్లలో స్ట్రాన్షియం దాదాపు యాభై రెట్లు ఉంది. ఆరుబయట అణు పరీక్షలను ఆపే ఒప్పందం మీద 1963లోనే సంతకాలయ్యాయి. ఆ చర్చలో పిల్లల పళ్ల లెక్కలు కూడా వినిపించాయి.

పని అయిపోయింది, పళ్ల సంగతి అందరూ మరిచిపోయారు. 2001లో సెయింట్ లూయిస్‌లోనే ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పాత మందుగుండు బంకర్‌లో 85 వేల పళ్లు బయటపడ్డాయి. చిన్న కవర్లలో, ఒక్కోదానికి ఒక కార్డు జతచేసి ఉన్నాయి. పుట్టిన తేదీ, తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఎక్కడ ఉంది, బిడ్డ తల్లిపాలు తాగిందా సీసాపాలు తాగిందా, అన్నీ ఆ కార్డు మీద ఉన్నాయి.

ఇప్పుడు హార్వర్డ్ పరిశోధకులు ఆ పళ్లు ఇచ్చినవాళ్లను వెతుకుతున్నారు. వాళ్లకు అరవై, డెబ్బై ఏళ్లు వచ్చాయి, జ్ఞాపకశక్తి పరీక్షలకు రమ్మంటున్నారు. ఈసారి అడుగుతున్నది స్ట్రాన్షియం గురించి కాదు, సీసం లాంటి లోహాల గురించి. పాలపన్ను చెట్టు మానులా పొరలు పొరలుగా పెరుగుతుంది. పుట్టినరోజు దగ్గర సన్నటి గీత ఒకటి పడుతుంది. లేజర్‌తో ఆ గీతకు ఒకవైపు చదివితే బిడ్డ తల్లి కడుపులో ఉన్న నెలలు, మరోవైపు చదివితే పుట్టాక గడిచిన నెలలు.